చేను లేని ఫోటో

ఆదివారం రాత్రి, హోసూరు

ఈరోజు ఆ ఏనుగు ఫోటో కడిగించి, సూళగిరి దగ్గర మునిరాజప్పకు ఇచ్చి వచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

ఆ ఫోటో తీసిన తెల్లవారుజామున ఆయన రాగిచేలో ఏనుగు పడింది. తరమడానికి ఆయన టపాసు వెలిగించబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది నేనే. "అయిదు నిమిషాలు ఉండప్పా, వెలుతురు రానీ" అన్నాను. హోసూరు నుంచి కెమెరా మోసుకొచ్చిన మనిషి అడిగాడని ఆగాడు. ఎండ పొడ వచ్చేదాకా ఆగాడు. కోతకొచ్చిన చేను, ఇంటిల్లిపాదికీ ఏడాది సంగటి, మా ఇద్దరి కళ్ల ముందే నలిగిపోయింది. నేను రీలు మార్చుకున్నాను.

ఫోటో చూసి తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"బాగుండాదప్పా. ఫారెస్టు ఆఫీసులో చూపిస్తాను. చేను పోయినట్టు సాక్ష్యం యాడుంది అని అడగతా ఉండారు ఆడ" అన్నాడు.

ఆయన భార్య ఫోటోను వాకిట్లోకి తీసుకుపోయి చాలాసేపు చూసింది. "ఏనుగ ఉండాది. మా చేను యాడుండాదప్పా దీంట్లో?" అని నన్నడిగింది.

లేదు. ఏనుగు కంటిరెప్ప వెంట్రుకలు కూడా విడివిడిగా కనబడాలని దగ్గరకు లాగి తీశాను. చుట్టూ ఉన్నదంతా ఒట్టి మసక. ఆ మసక కోసమే, సిగ్గులేకుండా, అంత పెద్ద లెన్సు కొన్నాను.

ఇంటికొచ్చి రెండు రీళ్ల నెగటివ్‌లూ బల్బుకు ఎదురుగా పట్టుకుని వెతికాను. డెబ్బై రెండు ఏనుగులు. ఒక్క రాగి వెన్ను లేదు.