ఆగితే కదా!

ప్రియమైన అమ్మాయికి,

ఫోను చేస్తే ఎత్తడం లేదని నొచ్చుకున్నావట. ఎత్తను. ఫోనులో అయితే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు. ఉత్తరంలో నా వాక్యం నేనే పూర్తిచేసుకోవచ్చు. నువ్వూ ఉత్తరమే రాయి. చిన్నప్పుడు నీ చేతిరాత కుదర్చడానికి నేను పడ్డ పాట్లకు ఇంతవరకూ ఫలితం కళ్ళజూడలేదు.

విషయం ఏమిటంటే, నా మోటార్‌సైకిల్ ఇంజన్‌ను నువ్వు చంపేశావు.

కోపంతో అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. ఆదివారం వచ్చినప్పుడు వరండాలో బండి కింద నూనె మరక చూసి ముఖం చిట్లించావు. నేను లోపల గిన్నెలు కడుగుతూ ఉంటే, నూనె ట్యాంకు నుంచి ఇంజన్‌కు దిగే గొట్టం మీద చిన్న కొళాయి కనిపెట్టి, కట్టేశావు. కారే కొళాయి కనిపిస్తే కట్టనిదే నీకు నిద్ర పట్టదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ కొళాయి నేను నెలల తరబడి ఊళ్ళో లేనప్పుడు తప్ప కట్టేది కాదు. పాతకాలపు బండి, నాలుగు చుక్కలు కారుస్తుంది. నేను దానితో సర్దుకుపోతాను, అది నాతో సర్దుకుపోతుంది. కట్టానని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

సోమవారం పొద్దున్న బండి తీశాను. చుక్క నూనె అందని ఇంజన్ మర్యాద కోసం పోస్టాఫీసు మలుపుదాకా వచ్చింది. అక్కడ కీచుమని పిస్టన్ బిగుసుకుపోయింది, వెనక చక్రం రోడ్డును గీసుకుంటూ ఆగింది. సమయానికి క్లచ్చు నొక్కాను కాబట్టి నీకు ఉత్తరం రాసే అమ్మ ఇంకా మిగిలింది.

నేనిప్పుడు దాన్ని బాగుచేయిస్తున్నాను. నా లైసెన్సు గడువు వచ్చే నెలాఖరుకు తీరిపోతుంది. ఈ వయసువాళ్ళు బండి నడిపి చూపిస్తేనే మళ్ళీ ఇస్తారు. గడువు దాటిందా, ఇక ఈ జన్మకు ఇవ్వరు. పక్కింటివాళ్ళ గేర్లు లేని స్కూటర్ మీద పరీక్ష ఇవ్వొచ్చుగా అంటావేమో. అప్పుడు స్కూటర్ లైసెన్సే ఇస్తారు. స్కూటర్ మీద కూర్చోవడానికి నేనింకా అంత ముసలిదాన్ని కాలేదు.

ఆశీస్సులతో, కొళాయి జోలికి రావద్దని కోరుతూ,
అమ్మ

•

ప్రియమైన అమ్మకి,

ఇదిగో, ఉత్తరమే రాస్తున్నాను. చేతిరాతకు మార్కులు వేసి తిప్పి పంపకు.

కొళాయి కట్టింది నేనే. నీ ఇంజన్ పోయినందుకు నిజంగా బాధగా ఉంది. కానీ ఎందుకు కట్టానో కూడా విను. ఆ నూనె మీద కాలేసి జారతావేమోనని కట్టాను. కిందటేడు మోకాలు వాచి, మెట్లన్నీ కూర్చుని దిగిన మనిషివి నువ్వు. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. డెబ్బై దాటినవాళ్ళు ఎక్కడెక్కడ పడతారో రోజూ చదవడమే నా ఉద్యోగం.

ఇంకోమాట. మా ఆఫీసుకు వచ్చే హోటలాయన ఒకాయన నాన్న మోటార్‌సైకిల్ గురించి విని ముచ్చటపడ్డాడు. కొత్త హోటల్లో గోడకు తగిలిస్తాడట. ఇంజన్ నడవకపోయినా పరవాలేదట. తుడిచి, మెరుగుపెట్టి, పైన దీపాలు పెడతాడట. నలుగురూ చూస్తారు. వరండాలో తుప్పు పట్టేకంటే గౌరవంగా ఉంటుంది కదా?

నువ్వొచ్చి మా దగ్గర ఉండు. గది ఖాళీగానే ఉంది. నీ మనవరాలు రోజూ అడుగుతోంది.

ప్రేమతో, నేలంతా శుభ్రంగా ఉన్న ఇంటి నుంచి,
నీ కూతురు

•

ప్రియమైన ఇన్సూరెన్సు ఆఫీసరమ్మకి,

మొదట ఒక దిద్దుబాటు. అది మీ నాన్న మోటార్‌సైకిల్ కాదు. కొన్నది నేను, నడిపింది నేను. కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి దాని మీదే వెళ్ళాను. మీ నాన్న వెనక కూర్చుని దారి చెప్పేవారు, అదీ తప్పుగా. పాపం మంచి మనిషి. వెనక కూర్చోవడం ఎలాగో ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

రెండోది, హోటలాయనకు చెప్పు. గోడకు తగిలించాలని అంత ముచ్చటగా ఉంటే తన కారు తగిలించుకోమను.

ఇంజన్ విప్పాం. మెకానిక్ మా వీధి చివరే ఉంటాడు. ఏమడిగినా "చూద్దాం మేడమ్" అంటాడు కాబట్టి వీధంతా అతన్ని చూద్దాం అనే పిలుస్తుంది. సిలిండర్ లోపల పిల్లి గోళ్ళతో రక్కినట్టు గాట్లు. అవి పోయేలా బోరింగ్ షాపులో కొత్త బోరు కొట్టించాం. కనెక్టింగ్ రాడ్ కింద పెద్ద బేరింగ్ కూడా పోయింది, అదీ మార్చాం. నూనె పంపు పాతది తీసి పెద్దది పెట్టించాను. కొళాయి పీకేయించి, పంపు లాగితేనే తెరుచుకుని ఆగితే తనంతట తాను మూసుకునే వాల్వు పెట్టించాను. ఇక ఎవరి శుభ్రతా దాన్నేమీ చెయ్యలేదు.

ఎలాగూ విప్పాం కదా అని పిస్టన్ కూడా మంచిది వేయిస్తున్నాను. పాతదాని తల చదును. దీని తల గుమ్మటంలా పైకి ఉబ్బి ఉంటుంది. పెట్రోలు ఆవిరిని మరింత గట్టిగా నొక్కి పట్టి పేలుస్తుంది కాబట్టి బలం ఎక్కువ. పందేల బళ్ళకు వేసేవారట. "ఇది వేస్తే బండి ఎగురుతుంది మేడమ్" అన్నాడు చూద్దాం. అతని నోట ఇంకో మాట వినడం అదే మొదటిసారి. ఇద్దరం ఆ పిస్టన్‌ను చేతుల్లో అటూ ఇటూ తిప్పుతూ, పెళ్ళిచూపుల్లో కూర్చున్నవాళ్ళలా మురిసిపోయాం.

గది ఖాళీగా ఉందన్నావు. అద్దెకివ్వు.

ఆశీస్సులతో, చేతికి గ్రీజుతో,
అమ్మ

•

ప్రియమైన అమ్మకి,

నీ గ్రీజు వేలిముద్రలు కాగితం మీద స్పష్టంగా పడ్డాయి. పోలీసులకు పనికొస్తాయి.

నాకు ఫిజిక్స్ నేర్పింది నువ్వే కాబట్టి ఒక ప్రశ్న అడుగుతాను. పెట్రోలు ఆవిరిని మరింత గట్టిగా నొక్కాలంటే, స్టార్ట్ చేసేటప్పుడు ఆ నొక్కేది ఎవరు? నీ కాలు కాదూ? అంటే కిక్కు ఇంకా బరువవుతుంది కదా? ఏ మోకాలితో తంతావు? కూర్చుని మెట్లు దిగిన మోకాలితోనా?

నువ్వు జవాబు చెప్పవని తెలుసు. అందుకని బేరం పెడుతున్నాను. పరీక్ష పాసయ్యావా, ఇక ఆ బండి మీద నేను నోరెత్తను. తప్పావా, బండి హోటల్‌కు, నువ్వు మా ఇంటికి. పంతానికి పోవడం నీ ఒక్కదానికే చేతనైన పని అనుకోకు. నేనెవరి కడుపున పుట్టాను?

ప్రేమతో, భయంతో కూడా,
నీ కూతురు

•

ప్రియమైన మొండిపిల్లకి,

ఒప్పుకున్నాను.

ఇంజన్ లేచింది. ఆ శబ్దం వింటే నువ్వు కూడా పని ఆపి కిటికీ దగ్గరకొస్తావు. నిప్పురవ్వ పుట్టించే పాత పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించడంతో దగ్గు తుమ్ము లేకుండా గడియారంలా కొట్టుకుంటోంది. కొత్త పిస్టన్, కొత్త బోరు ఒకదానికొకటి అలవాటు పడేదాకా గట్టిగా తోలకూడదు. అందుకని రోజూ పొద్దున్నే వీధుల్లో నెమ్మదిగా తిప్పుతున్నాను. బడికెళ్ళే పిల్లలు సైకిళ్ళ మీద నన్ను దాటిపోతూ బెల్లు కొడుతున్నారు. కొట్టనీ. ఇంకో వారం ఆగమను.

చూద్దాం రోజూ పొద్దున్న టీ తాగడానికి వస్తున్నాడు. బండి కూడా ఒకసారి చూసుకుని వెళతాడు.

ఆశీస్సులతో,
అమ్మ

•

ప్రియమైన అమ్మకి,

నీ టీ నేను పాతికేళ్ళు తాగాను. దాని కోసం ఏ మనిషీ పొద్దున్నే లేచి రాడు.

అతను స్టార్ట్ చేసి పెట్టడానికి వస్తున్నాడు, కదూ? నువ్వు తన్నలేకపోతున్నావు. నీ ఉత్తరాల్లో ఎప్పుడూ నువ్వు చేసిన పని "నేను" అంటూనే మొదలవుతుంది. ఈసారి "ఇంజన్ లేచింది" అని రాశావు. ఎవరు లేపారో రాయలేదు.

గెలిచానని సంబరపడటం లేదు. మా ఆఫీసుకు పాత బళ్ళ మెకానిక్ ఒకాయన వస్తే అడిగాను. సిలిండర్ అడుగున ఒక మందపాటి పలక వేస్తే పిస్టన్ అంత పైకి రాదు, నొక్కుడు తగ్గుతుంది, కిక్కు తేలికవుతుంది అన్నాడు. బలం కొంచెం పోతుందట. పోతే పోనీ. వేయించు, అమ్మా. బేరం నేనే పెట్టాను, నిజమే. కానీ లైసెన్సు ఆఫీసు మైదానంలో అందరి ముందూ ఆ కిక్కు లివర్ మీద నువ్వు ఎగిరెగిరి పడుతుంటే, ఆ గెలుపు నాకొద్దు.

ప్రేమతో,
నీ కూతురు

•

ప్రియమైన అమ్మాయికి,

నీ అనుమానం అక్షరాలా నిజం. ఆ పిస్టన్‌ను ఇద్దరం ఎంత మోజుపడి వేయించుకున్నామంటే, దాన్ని తన్నాల్సింది నా మోకాలని నాకూ తోచలేదు, చూద్దాంకూ తోచలేదు. వాల్వు ఎత్తే మీట ఒకటి ఉంది. అది కాసేపు గాలి వదిలి సాయం చేస్తుంది. కానీ చివరి తన్ను కాలే తన్నాలి, ఆ అదను చూద్దాం కాలికే తెలుసు. నా కాలు ఆ లివర్ మీద వేస్తే అది నన్ను, గుమ్మంలో తెలియని మనిషిని చూసినట్టు చూస్తోంది.

పలక మాట చూద్దాంను అడిగాను. ఇంజన్ మళ్ళీ విప్పి బిగించి అలవాటు చెయ్యాలంటే గడువు దాటుతుందన్నాడు. సరే, ఉన్నదానితోనే వెళతానన్నాను. పథకం తేలికే. ఇంటి దగ్గర అతను స్టార్ట్ చేస్తాడు, నేను ఆపకుండా పోయి, ఆపకుండా పరీక్ష ఇచ్చి, ఆపకుండా తిరిగొస్తాను.

ఇవాళ మైదానంలో పరీక్ష పెట్టింది నీ వయసు ఇన్‌స్పెక్టర్. కాగితాలు చూసి, "ఇంజన్ నంబరు చూడాలి, ఆపండమ్మా" అన్నాడు. ఆపాను. చూశాడు, రాసుకున్నాడు. "ఇప్పుడు స్టార్ట్ చెయ్యండి."

మీట పట్టుకుని తన్నాను. లేదు. మళ్ళీ తన్నాను. మోకాలు కలుక్కుమంది. మూడోసారి లివర్ కదల్లేదు, నేనే కదిలాను. వెనక వరసలో ఉన్న కుర్రకారు కిసుక్కుమన్నారు.

"పెద్దవారు, ఇంకెందుకమ్మా ఈ శ్రమ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, మెత్తగా. ఆ మెత్తదనానికి నాకు ఎక్కడో కాలింది.

"శ్రమ వయసుది కాదు బాబూ, పిస్టన్‌ది. నమ్మకపోతే వాళ్ళను తన్నమను" అన్నాను.

అందరికంటే గట్టిగా నవ్వినవాడు ముందుకొచ్చాడు. కండలు కనబడే బనియను. ఎగిరి లివర్ మీద నిలబడ్డాడు. లివర్ కదల్లేదు. మధ్యలో ఆగిపోయిన లిఫ్టులో ఉన్నవాడిలా అలాగే నిలబడ్డాడు. ఇంకొకడొచ్చాడు. ఇంకొకడు. చివరికి ఇన్‌స్పెక్టర్‌కే పౌరుషం వచ్చి, చేతిలో ప్యాడ్డు నాకిచ్చి తన్నాడు. బూటు జారి, కాలిపిక్క పట్టుకుని కూర్చున్నాడు. "ఇదేం బండమ్మా!" అన్నాడు.

"తన్నే స్టార్ట్ చెయ్యాలని మీ రూల్సులో ఉందా?" అన్నాను.

ఆలోచించాడు. లేదన్నాడు.

నవ్విన కుర్రాళ్ళనే వెనక్కి రమ్మన్నాను. నేను బండెక్కి, రెండో గేరు వేసి, క్లచ్చు నొక్కాను. తోశారు. పరుగందుకున్నాక క్లచ్చు వదిలాను. ఇంజన్ ఒక్కసారి నా కింద మూలిగి, లేచింది. మైదానమంతా తలతిప్పి చూసింది.

ఇన్‌స్పెక్టర్ కుంటుకుంటూ వచ్చి, "అంతా బాగుంది. రేపు రోడ్డు మీద ఆగిపోతే ఎవరు తోస్తారు మీకు?" అన్నాడు.

"ఆగితే కదా!"

"అయితే ట్రాకు మీద ఒక్కసారి ఆగినా ఫెయిల్."

"రాసుకో" అన్నాను.

ఎనిమిది అంకె ఆకారంలో తిరగాలి. మొదటి మలుపు బాగానే పోయింది. రెండో మలుపులో, ఇరుకైన చోట, వేగం మరీ తగ్గి ఇంజన్ ఒక్క దెబ్బ తప్పింది. గుండె కూడా దాంతో పాటే తప్పింది. ఆ క్షణంలో నాకు ఆ హోటల్ గోడ కనిపించింది, దీపాలతో సహా. క్లచ్చు సగం నొక్కి యాక్సిలరేటర్‌ను వెంట్రుకవాసి తిప్పాను. ఒక్కొక్క దెబ్బే లెక్కపెట్టుకుంటున్నట్టు కొట్టుకుని, మళ్ళీ అందుకుంది. గీత దాటాను. బనియను కుర్రాడు ఈల వేశాడు.

లైసెన్సు లోపల కౌంటర్‌లో తీసుకోవాలన్నారు. దిగితే ఆపాలి. ఆపితే మళ్ళీ తోయించుకోవాలి. అందుకని బండిని గోడ వారగా కౌంటర్ కిటికీ దగ్గరకే తీసుకెళ్ళి, చెయ్యి చాపాను. లోపలి గుమాస్తా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ముద్ర కొట్టి ఇచ్చాడు. అక్కడ సంతకం కూడా బండి మీద నుంచే పెట్టాను. కొంచెం వణికింది. అది ఇంజన్ వణుకు, నాది కాదు.

ఇంటికి పోదామనుకున్నాను. ఇంటికి పోయి ఆపితే రేపు పొద్దున్న మళ్ళీ చూద్దాం రావాలి. అలా అనుకుంటూ ఉండగానే పెద్ద రోడ్డు మలుపు వచ్చింది. ఇంజన్ ఎలాగూ తిరుగుతోంది. తిప్పేశాను. దారిలో పెట్రోలు బంకులో ఆపక తప్పలేదు. బంకువాళ్ళు తోశారు. రైలు గేటు దగ్గర నా తప్పు వల్లే ఆగితే ఒక లారీ డ్రైవర్, అతని క్లీనర్ దిగి తోశారు. "ఎక్కడిదాకమ్మా?" అని అడిగాడు డ్రైవర్. "మా అమ్మాయి ఇంటికి" అన్నాను. "పిల్లలు బెంగపెట్టుకోరూ?" అన్నాడు. "అది వాళ్ళ పని" అన్నాను.

ఈ ఉత్తరానికి స్టాంపు లేకపోవడం ఈపాటికి గమనించి ఉంటావు. నీ భోజనాల బల్ల మీద కూర్చునే రాశాను. తలుపు తీసింది మనవరాలు. "అమ్మమ్మా, ఆపకు ఆపకు, నన్నొక రౌండు తిప్పు!" అని లోపలికి రానివ్వకుండా వెనక ఎక్కేసింది. నాలుగు వీధులు తిప్పాను. మీ నాన్నకంటే బాగా కూర్చుంటుంది. దారి మాత్రం చెప్పదు.

నువ్వు ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను నిద్రపోతుంటాను, ఆ ఖాళీ గదిలోనే. లేపి పోట్లాడకు. నేను ఉండిపోవడానికి రాలేదు. బేరం గెలిచినదాన్ని, చెప్పి పోదామని వచ్చాను. మీ వీధి చదునుగా ఉంది, మీ వాచ్‌మన్‌కు నడుంనొప్పట, మీ ఆయనకు ఇలాంటివి చేతకావు. ఇక మిగిలింది నువ్వే. రేపు పొద్దున్న ఆఫీసుకు వెళ్ళేముందు కిందికి రా. చెప్పులు వద్దు, జారుతాయి. బూట్లు వేసుకుని రా. రెండు చేతులూ వెనక సీటు మీద పెట్టి, నేను "ఊఁ" అనేదాకా తోస్తూనే ఉండు.

నీ ఇంట్లో నుంచే, రేపటిదాకా,
అమ్మ