రెండు చేతుల పాలపుంత

ఇందిరాపురం,
నవంబరు 2008

జయచంద్ర బావగారికి నమస్కారాలు.

ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక ఉత్తరం రాస్తున్నాను. ముందు శుభవార్త చెబుతాను. సైన్స్ ఎగ్జిబిషన్‌లో మా వైశాలికి మొదటి బహుమతి వచ్చింది.

మీరు కంటోన్మెంటులో ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ వచ్చి, థర్మోకోల్‌తో సుడి తిరిగిన నాలుగు చేతుల పాలపుంత నమూనా చేసిచ్చారు కదా. బడికి వెళ్తుంటే ఆటో స్పీడ్‌బ్రేకర్ ఎక్కి దిగింది. నా టిఫిన్ క్యారియర్ ఆ పాలపుంత మీద పడి రెండు చేతులు విరిగిపోయాయి. పిల్ల ఒకటే ఏడుపు. విరిగినవి సంచిలో దాచేసి, మిగిలిందే బల్ల మీద పెట్టించాను.

జడ్జిగా వచ్చిన పెద్దాయన దాన్ని చూసి, "అరే వాహ్, లేటెస్ట్ వాలా బనాయా!" అంటూ సరికొత్తది చేశావని మెచ్చుకున్నారు. అంతరిక్షంలో తిరిగే పరారుణ టెలిస్కోపు ధూళి వెనక నక్షత్రాలను కూడా లెక్కపెడితే, పాలపుంతకు పెద్ద చేతులు రెండేనని, మిగతావి పలచనివని ఈ ఏడాదే శాస్త్రవేత్తలు చెప్పారట. "నీకెవరు చెప్పారు బేటా?" అని అడిగితే, వైశాలి తడుముకోకుండా "మా మౌసాజీ" అని తన పెదనాన్నైన మీ గొప్పే చెప్పింది. నేను విరిగిన చేతులున్న సంచిని కాలితో బల్ల కిందికి నెట్టాను.

ఆదివారం అక్కను తీసుకుని భోజనానికి రండి. ఫెవికాల్ మాత్రం తేవద్దు.

మీ మరదలు