ఓటు లేని ప్రతినిధి

మోరిస్‌విల్,
నవంబరు 9

నా బంగారు రేష్మా,

ఫోన్ చేస్తే ఏడుస్తాను, అందుకే రాస్తున్నాను. నువ్వు ఉద్యోగానికి హెర్న్‌డన్ వెళ్తూ మన తెలుగు సంఘంలో విద్యార్థుల ప్రతినిధి పదవి నాకు అంటగట్టావు కదా, దాని బాధే ఇది. కమిటీలో కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు. పండగ భోజనాల్లో వడ్డించే విద్యార్థులు ఆఖరి బంతిలో కాకుండా అందరితో కలిసి తినాలని నిన్న ప్రతిపాదించాను. ఓటింగ్ వేళకి సుధ ఆంటీ, "శ్రీవిద్యా, మేం డిసైడ్ చేసేలోపు నువ్వు కాస్త టీ సంగతి చూడమ్మా" అన్నారు. చూశాను. తిరిగొచ్చేసరికి నా ప్రతిపాదన వీగిపోయింది. ఒళ్ళు మండి రాజీనామా కూడా రాసేశాను.

కానీ ఇవ్వలేదు. యూనివర్సిటీ లైబ్రరీలో పాత ఉత్తరాలు స్కాన్ చేయడం నా పని. నూటయాభై ఏళ్ళ కిందట, ఇంకా రాష్ట్రం కాని ఒక సరిహద్దు టెరిటరీ తరఫున అమెరికా కాంగ్రెస్‌కి వెళ్ళిన డెలిగేట్ తన భార్యకు రాసుకున్నవి. ఆయనదీ నా బతుకే! సభలో మాట్లాడొచ్చు, బిల్లు పెట్టొచ్చు, ఓటు లేదు. "ఓటున్న ప్రతివాడి గుమ్మమూ ఎక్కుతున్నాను" అని రాశాడు. అలాగే తిరిగి తిరిగి తన ప్రాంతానికి తపాలా బండి నడిచే రోడ్డు సాధించాడు. నేనూ ఎక్కుతాను. ఈసారి అడిగేది బంతి కాదు, ఓటే.

నీ శ్రీవిద్య


మోరిస్‌విల్,
మార్చి 15

రేష్మా, ఒసేయ్ రేష్మా,

గెలిచాం! పదకొండు మంది సభ్యుల ఇళ్ళూ తిరిగాను. మూడోసారి వెళ్ళినప్పుడు సుధ ఆంటీ, "అబ్బ, నీతో వేగలేనమ్మా, యెస్ అంటాలే" అన్నారు. అధ్యక్షులు ధర్మారావు అంకుల్ స్వయంగా తీర్మానం పెట్టారు. తొమ్మిది మంది ఒప్పుకున్నారు.

అసలు కథ ఆ తర్వాతే. అదే మీటింగ్‌లో, రెండేళ్ళకు మించి అధ్యక్షులుగా ఉండకూడదన్న నియమం సడలించి అంకుల్‌ని ఇంకో ఏడాది ఉంచాలన్నారు. ఆరుగురు అవునన్నారు, అయిదుగురు కాదన్నారు. అందరూ నావైపు తిరిగారు. నాకు ఓటిప్పించిన మనిషే! కానీ నియమం ఎవరికైనా ఒకటే కదా. "నో" అన్నాను. చెరో ఆరు, మెజారిటీ రాలేదు. తీర్మానం వీగిపోయింది.

ఏడుపు ఆపుకుంటూ కూర్చున్నాను. అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, నవ్వుతూ లేచారు.

"ఈ పిల్లకి ఓటెందుకని నన్ను అడిగారు కదా, ఇదిగో ఇందుకే. మినిట్స్‌లో రాసుకోండి, నేను ఓడిపోయాను."

నీ శ్రీవిద్య