లోపలికి వెళ్లిన ఇద్దరు

జూలై 9, బుధవారం
వాన ఇరవై మూడో రోజు. కొండదారిలో నడక మానేసి పదకొండు రోజులు. బూట్లలో పాత పేపర్లు కుక్కినా బూజు పట్టింది. మేడమెట్లు ఎక్కి దిగుతున్నాను, రోజుకు నలభై సార్లు. ఏమైనా పోగొట్టుకున్నారా అని కింది వాటా ఆవిడ అడిగింది.

జూలై 11, ఉదయం 7.40
గొడుగేసుకుని కొండదారి గేటు దాకా వెళ్లొచ్చాను. అక్కడి రేకు పెట్టెలో రిజిస్టర్ ఉంటుంది. ఎక్కేవాళ్లు పేరు, టైము రాయాలి. దిగాక మళ్లీ టైము రాయాలి. సాయంత్రం ఐదింటికి గార్డు వచ్చి చూస్తాడు. ఎవరైనా దిగకపోతే వెతుక్కుంటూ ఎక్కుతాడు.

అందులో నా పేరుంది. నిన్న, మొన్న, అంతకు ముందు రోజు. ఎక్కింది ఉదయం 8.30, దిగింది సాయంత్రం 4.17. దాని కింద బావ పేరు. రెండూ ఒకే చేతిరాత.

గేటు అవతల గడ్డి మోకాలెత్తు పెరిగింది. తొక్కిన ఆనవాలు లేదు.

అదే రోజు, సాయంత్రం
మొదటి అనుమానం గార్డు మీద. జనం రాకపోతే అతని డ్యూటీ మారుస్తారు. వెళ్లి అడిగాను. నిన్న మీరిద్దరూ దిగారు కద సార్, పుస్తకంలో చూశాను అన్నాడు. నాలుగో మలుపు దగ్గర మట్టి వదులైంది, జాగ్రత్త అని కూడా అన్నాడు. ముఖంలో తడబాటు లేదు. అది ఏమీ రుజువు చేయదు.

జూలై 12
అక్క వాళ్లింటికి వెళ్లాను. మెట్ల పక్కన బావ బూట్లు. పొడిగా ఉన్నాయి, ఒకదానిలో సాలెగూడు. ఫ్రిజ్ మీద ఆయన రాసిన సరుకుల లిస్టు. 7 అంకెకు నడుమ అడ్డగీత. రిజిస్టర్‌లోనూ అదే గీత.

ఎందుకంత పరీక్షగా చూస్తున్నావని అక్క అడిగింది. పప్పులు అయిపోయాయా అన్నాను.

జూలై 13, ఆదివారం
బావను అడిగేశాను. దాచలేదు. నెలకు నలభై పేర్లు పడకపోతే దారి మూసేయాలని కొత్త ఆర్డరట. మూస్తే మళ్లీ తెరుస్తారన్న నమ్మకం లేదు. అందుకే ఆఫీసుకు పోతూ ఎక్కినట్టు, నాలుగింటికి వస్తూ దిగినట్టు రాస్తున్నాడు.

నా పేరెందుకన్నాను.

"నా ఒక్కడితో నలభై ఎప్పటికవుతాయి బామ్మర్దీ? పైగా నువ్వు పేపరోడివి. నీ పేరుంటే ఎవడూ అనుమానించడు."

ఆపమని చెప్పాలి. చెప్పలేదు. ఆ దారి నాకూ కావాలి.

జూలై 14, 15, 16
వాన.

జూలై 17, సాయంత్రం 6.50
ఆఫీసుకు ఫోనొచ్చింది. నాలుగో మలుపు దగ్గర చరియ విరిగింది. ఒక మనిషి మట్టి కింద ఉన్నాడు. గార్డు.

ఆ టైములో ఎందుకెక్కాడని అడిగాను, అందరినీ అడిగినట్టే. పొద్దున ఇద్దరు ఎక్కి దిగలేదట, పుస్తకంలో ఉందట.

బావకు ఫోన్ చేశాను. మీటింగులో ఇరుక్కుపోయానన్నాడు. నేను ఇంకేమీ చెప్పకముందే అన్నాడు:

"ఇప్పుడే బయల్దేరుతున్నా. దిగినట్టు రాసేస్తాలే."

జూలై 18
ఆసుపత్రిలో గార్డు కళ్లు తెరిచాడు. మొదట అడిగింది, ఆ ఇద్దరూ దొరికారా అని. నర్సు బయటికొచ్చి, తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, పాపం అదే అడుగుతున్నాడు అంది.

బెంచీ మీద బావా నేనే ఉన్నాం.