గిటార్ మెడకి మొదటి పూత

అమ్మడూ, 'పూత నీ చేతి పని నాన్నా' అని నాకు అప్పజెప్పావు కదా, నువ్వు చేస్తున్న గిటార్ మెడకి పొద్దున్నే నూనె పట్టించాను. సాయంత్రం దాకా ముట్టుకోకు. తుడిచిన గుడ్డ కిటికీ ఊచ మీద ఆరేశాను. దాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేశావంటే దానంతటదే వేడెక్కి నిప్పంటుకుంటుంది, జాగ్రత్త.

అలవాటు కొద్దీ గోడకి రంగు కొట్టినట్టు దట్టంగా పట్టించేశాను. నన్ను నేనే తిట్టుకుంటూ తుడుస్తుంటే, అడుగు నుంచి చెక్క చారలు పైకి తేలాయి. తేనె రంగులో, నీళ్లు కదులుతున్నట్టు ఉన్నాయే! వెలుగులో అటూ ఇటూ తిప్పుతూ అలాగే కూర్చుండిపోయాను. పనికి ఆలస్యమైంది, ఇవాళ మేస్త్రీ చేత చీవాట్లు తప్పవు.

ఈ మెడ కోసం మన పాత చెక్క బీరువా తలుపు ఊడదీసి నువ్వు కోస్తుంటే, పనికిమాలిన చెక్క అని వెక్కిరించాను. ఇన్నేళ్లూ దానికి ఆకుపచ్చ రంగు మీద రంగు కొట్టింది నేనే. ముప్పయ్యేళ్లుగా రంగులేసి బతుకుతున్నాను, ఆ రంగు కింద ఇంత ఉందని నాకు తెలీదే.

ఆరాక మీ అమ్మకి చూపించు. చేతులు తుడుచుకుని రమ్మను.

వచ్చేటప్పుడు బీరువా రెండో తలుపుకి రంగు తెమ్మంది మీ అమ్మ. రంగు తేనని చెప్పు. ఉన్న రంగు గీకడానికి ఎమరీ పేపర్ తెస్తాను.