రెండో సంతకం

మహారాజశ్రీ అక్కగారికి,

ఐదు డయాలిసిస్ కేంద్రాల అధినేత్రికి, నూటపన్నెండు మంది ఉద్యోగుల గుండెల్లో గుబులుకి, చిన్నప్పుడు నా రంగు పెన్సిళ్లు విరగ్గొట్టి అమ్మకు నా మీదే చాడీ చెప్పిన మహాతల్లికి, చెల్లెలు నమస్కరించి రాయునది. ఇక్కడ అమ్మ క్షేమం. నేను క్షేమం. "అందరం క్షేమం" అని రాయడం మర్యాద గానీ, ఆ "అందరం" దగ్గర కలం మొరాయించింది. మిగతా మర్యాదలన్నీ పాటిస్తాను.

ఫోన్ చేయొచ్చు కదే అంటోంది అమ్మ. నీ శాసనం నాకు కంఠతా వచ్చు: ఫోన్లో అయితే ఎవరి పరువు వాళ్లు కాపాడుకునేలా మాట్లాడతారు, కాబట్టి ప్రతి మేనేజరూ వారం సంగతులు చేత్తో రాసి పంపాల్సిందే, చెల్లెలైనా సరే. నీ ఉత్తరంలో ఐదు ప్రశ్నలున్నాయి. వరసలో జవాబు రాయడం పరీక్షల్లోనే నావల్ల కాలేదు. మూడోది చివర్న రాస్తాను.

మొదటిది అమ్మ మోకాలు. నొప్పి తగ్గింది, నోరు పెరిగింది. మందు వేసుకోమంటే "మీ అక్కనొచ్చి చెప్పమను" అంటోంది. నువ్వొచ్చి చెబితే "నువ్వెవరే నాకు చెప్పడానికి" అంటుంది. నీకు సన్మానం చేస్తామన్న సంఘంవాళ్లకు నువ్వు రానని రాశావని తెలిసి ముందు మూతి ముడిచింది. తర్వాత "మంచిపని చేసింది" అంది.

నాలుగోది నీళ్లలోని క్లోరిన్ని లాగేసే బొగ్గు ట్యాంకు. పాతది పీకేశారు. దాని బదులు రెండు పెట్టారు, ఒకటి చేతులెత్తేస్తే రెండోది క్లోరిన్ని ఆపుతుంది. మిగతా నాలుగు కేంద్రాల నీళ్లూ నువ్వే ఊరూరా తిరిగి నీ చేత్తో పరీక్షిస్తున్నావని డ్రైవరు చెప్పాడు. కార్లోనే నిద్రపోతున్నావట. నీకు చెప్పేంతదాన్ని కాను గానీ, కాస్త తిను.

రెండోది పేషెంట్లు. ఆ మంగళవారం మొదటి షిఫ్టులో ఉన్న ఆరుగురిలో ఐదుగురు ఆస్పత్రి నుంచి ఇళ్లకు చేరారు. టైలరమ్మ నిన్న వచ్చి కుర్చీలో కూర్చుంది, నర్సు సూది తీయగానే లేచి వెళ్లిపోయింది. రక్తం శుభ్రం చేయించుకోకపోతే బతకదని ఆవిడకు తెలుసు. మన దగ్గర చేయించుకుంటే బతుకుతానన్న ధీమా పోయింది. హెడ్ నర్సు ఆవిడ ఇంటికెళ్లి గంటసేపు బతిమాలి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆరో కుర్చీ డ్రిల్లు మాస్టారిది. అందులో ఎవరూ కూర్చోవడం లేదు. తీసేయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మాస్టారంటే నాకు ఆ షట్టరు గదే గుర్తొస్తుంది. పదకొండేళ్ల కిందట నువ్వు నర్సు ఉద్యోగం మానేసి, ఎవరో వద్దనుకున్న రెండు పాత మిషన్లతో మొదలుపెట్టిన గది. నేను బడి నుంచి వచ్చి మూల కూర్చుని లెక్కలు తప్పులు చేస్తుండేదాన్ని. ఒకరోజు గాజు గొట్టంలో నీళ్లలో మందు చుక్కలు వేస్తే లేత గులాబీ రంగు తిరిగింది. నీళ్లలో క్లోరిన్ ఉందన్నమాట. అది మిషన్ దాటి ఒంట్లోకి వెళితే నెత్తురే విరిగిపోతుంది. వచ్చినవాళ్లందర్నీ వెనక్కి పంపేశావు. మాస్టారు గుమ్మంలో నిలబడి నిన్ను తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినబడ్డాయి. నువ్వు గొట్టం చేత్తో పట్టుకునే అన్నావు:

"తిట్టండి మాస్టారూ. రేపు కూడా వచ్చి తిట్టడానికి మీరుండాలనే ఇవాళ మిషన్ పెట్టడం లేదు."

రెండు మిషన్లు ఐదు కేంద్రాలయ్యాయంటే నీ కష్టం, నీ తెలివి అని పత్రికలవాళ్లు రాశారు. నాకు మాత్రం ఆ మాటే కారణం అనిపిస్తుంది. రెండు సంతకాల నియమం కూడా ఆ రోజే పెట్టావు. ఒకరు పరీక్ష చేయాలి, ఇంకొకరు పక్కన నిలబడి రంగు కళ్లారా చూడాలి, ఇద్దరూ పుస్తకంలో సంతకం పెట్టాకే మొదటి మిషన్ తిరగాలి. దాని కిందే ఇంకోటి: తప్పు చేసి చెప్పినవాళ్లను ఉంచుతాను, దాచినవాళ్లను గంట కూడా ఉంచను.

ఐదోది నీళ్ల బాబాయి. నీళ్ల గదిలో పదేళ్లు పనిచేసి ఆ పేరు తెచ్చుకున్న మనిషి, శనివారం వచ్చి తాళాలు నా బల్ల మీద పెట్టాడు. విచారణలో "చూడకుండా సంతకం పెట్టాను, ఆ అమ్మాయి నన్ను నమ్మి కింద సంతకం పెట్టింది" అని చెప్పి ఇంట్లో కూర్చున్నాడు కదా. శుక్రవారం తుది విచారణలో అదే ఖాయం చేసి పంపేస్తారని అతనికి తెలుసు. వెళ్తూ వెళ్తూ, గొట్టాన్ని తెల్లకాగితం మీద పెట్టి చూడమ్మా, గోడకేసి చూస్తే రంగు మోసం చేస్తుంది అని చూపించాడు. నేను "బాబాయ్, ఆ రోజు..." అని మొదలుపెట్టాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"నాకు తెలుసమ్మా. గొట్టం పొడిగా ఉంది."

ఇక నీ మూడో ప్రశ్న: "బాబాయి పరీక్ష చేస్తుండగా నువ్వు కళ్లారా చూశావా?"

చూడలేదక్కా. చూడ్డానికి పరీక్షే జరగలేదు.

ఆ పొద్దున బాబాయి బస్సు దారిలో ఆగిపోయింది. ఫోన్ చేసి, నువ్వే మందు వేసి ఐదు నిమిషాలు చూడు, హెడ్ నర్సును పక్కన నిలబెట్టుకో, రంగొస్తే ఒక్కరినీ ఎక్కించకు అన్నాడు. అలాగే అన్నాను. అప్పుడు నేను హాల్లో, నీ సన్మానంలో చదవడానికి రాసుకున్న ప్రసంగం పేషెంట్లకు వినిపిస్తున్నాను. నీ నడక నడిచి చూపిస్తున్నాను. అందరికంటే గట్టిగా నవ్వింది మాస్టారే. అలాంటి నవ్వును సగంలో వదిలి నీళ్ల గదికి వెళ్లబుద్ధి కాలేదు. నిన్న లేనిది ఇవాళెక్కడ నుంచి వస్తుందిలే అనుకుని, పుస్తకంలో "క్లోరిన్ లేదు" అని రాసి నా గడిలో సంతకం గీకాను, రెండో సంతకం బాబాయి రాగానే పెడతాడని చెప్పి మిషన్లు తిప్పించాను. పైపు పగిలి బాగుచేశాక మున్సిపాలిటీవాళ్లు నీళ్లలో క్లోరిన్ ఎక్కువ కలిపారని ఎవరికి తెలుసు? ఆ గొట్టానికి తెలిసేది. మిషన్లు తిరగడం మొదలయ్యాక బాబాయి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "చూశావా?" అన్నాడు. "చూశాను" అన్నాను. నన్ను నమ్మి తన గడిలో సంతకం పెట్టాడు.

రెండు గంటల తర్వాత మాస్టారు తల పగిలిపోతోందన్నారు. పెదాలు నల్లబడ్డాయి. గొట్టాల్లో నెత్తురు రంగు చూసి హెడ్ నర్సు మిషన్లన్నీ ఆపేసింది. బాబాయి నీళ్లు పరీక్షిద్దామని గాజు గొట్టం తీసినప్పుడు అది ఎండిపోయి ఉంది. నా వైపు ఒక్కసారి చూశాడు. ఇన్నాళ్లూ ఆ చూపుతోనే పడుకుని లేస్తున్నాను.

నా తప్పు నీ మీదెందుకు వేసుకున్నావని శనివారం బాబాయిని అడిగాను.

"నేనైతే మీ అక్కకు పనివాణ్ణి. నువ్వు చెల్లెలివి. నన్ను పంపించేసి ఆవిడ నిలబడగలదు. నిన్ను పంపితే నిలబడగలదో లేదోనని."

పద్నాలుగు రోజులు దాచాను. మాస్టారి ఇంటి గుమ్మంలో నువ్వు తల దించుకుని నిలబడితే, పక్కనే నిలబడి దాచాను. నిన్న ఆయన భార్య ఇక్కడ మిగిలిపోయిన ఆయన దుప్పటి కోసం వచ్చింది. ఒక్క మాటైనా అంటుందేమోనని ఎదురుచూశాను. మడతపెట్టుకుని వెళ్లిపోయింది. తిట్టే మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కరే.

పుస్తకంలో ఆ పేజీ నకలు దీంతో పంపుతున్నాను. ఇదే సంగతి విచారణ అధికారికి కూడా రాసి ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. ఇక నువ్వు నన్ను కాపాడాలనుకున్నా కుదరదు. తాళాలు బాబాయి ఇంటికి వెళ్లి ఇచ్చి వచ్చాను. నీ నియమం ప్రకారం నాకు గంట కూడా లేదు. బల్ల ఖాళీ చేశాను. ఆ ప్రసంగం మాత్రం చింపేయకుండా సొరుగులోనే వదిలాను. నీ గురించి అందులో రాసినవన్నీ నిజాలే.

అమ్మకు ఇంకా చెప్పలేదు. నీ ఉత్తరం కోసం ఆగను, ఈ సాయంత్రమే నేనే చెబుతాను.

ఇట్లు,
ఈసారి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చూసుకుని సంతకం పెట్టిన
నీ చెల్లెలు