చనిపోయిందని నాటక సంఘం తేల్చిన విద్యార్థిని వీలునామా

తాపీమేస్త్రీ పెద్ద కూతురిని, మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని, రెండో సంవత్సరం విద్యార్థినిని అయిన నేను మతి స్థిమితంగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. బలవంతపెట్టేవాళ్ళు నాతో మాట్లాడటం మానేశారు.

నేను పోయిన నెల చనిపోయాను. మా నాటక సంఘంలో కొత్తగా చేరినవాళ్ళను దుస్తుల బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఏడుపు సహజంగా వస్తేనే తీస్తారు. దాని పేరు నటనలో తొలి పాఠం. ఉబ్బసమున్న ఒక ఫస్టియర్ అమ్మాయి అందులో స్పృహ తప్పింది. నేను ఫిర్యాదు చేశాను. ఫిర్యాదు చేసినవాళ్ళు సంఘం దృష్టిలో చచ్చినట్టే. నా ఫోటో చుట్టూ నల్లగీత గీసి, నోటీసు బోర్డుకు అంటించి, రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ రెండు నిమిషాలూ ఇంకా అయిపోలేదు.

కనుక నా ఆస్తి పంచుతున్నాను.

1. సంఘం కార్యదర్శి అన్నయ్యగారికి నా పెట్టె తాళం. "సరదాకి చేసినదానికి చట్టాలేంటి తల్లీ?" అని అడిగారు. ఆ సరదాకి చట్టంలో జైలు కూడా ఉంది. అక్కడ తాళం వాళ్ళే వేస్తారు, ఇది సామాన్ల పెట్టెకు వాడుకోగలరు.

2. ప్రిన్సిపాల్‌గారికి నా దుమ్ము గుడ్డ. "ర్యాగింగ్ చట్టరీత్యా నేరం" అన్న బోర్డు ఆ బీరువా తలుపుకే కొట్టించారు. అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి, దుమ్ము పట్టకుండా తుడుచుకోవచ్చు. లోపలున్న పిల్లకు కనబడవు, అంతే. "ఇంటి గొడవ ఇంట్లోనే సర్దుకుందామమ్మా" అన్నారు. ఆ ఇంట్లో బీరువాలు ఎక్కువ.

3. నాన్నకు నా స్వెటర్. నన్ను కాలేజీలో చేర్చిన రోజు, ర్యాగింగ్ చేయం, చేయనివ్వం అనే హామీపత్రం చదివి వినిపిస్తే, "మంచి మాటలు రాశారమ్మా" అని వేలిముద్ర వేశాడు. ఆ మాటలు నమ్మింది ఆయనొక్కడే. నాన్నకు ఇది చదివి వినిపించేవాళ్ళు ముందుగా ఈ వాక్యం చదవాలి: నేను నిక్షేపంగా ఉన్నాను.

4. ఫస్టియర్ చెల్లికి కిటికీ పక్కనున్న నా మంచం. గాలి బాగా వస్తుంది.

5. నా గదిలో ఉండే అక్కకు నా నీళ్ళ సీసా. ఆమె నాతో మాట్లాడదు. కానీ రోజూ పొద్దున్నే ఆ సీసా నిండి ఉంటుంది. బీరువాకు తాళం వేసిందెవరో ఆమె కూడా చూసింది. చూసినవాళ్ళు ఇంకొకరు రాకపోతే సోమవారం నా ఫిర్యాదు కొట్టేస్తామని విచారణ కమిటీ చెప్పింది. అక్కా, నేనేమీ అడగడం లేదు. పోయినవాళ్ళు అడిగితే బాగుండదు.

6. ఫిర్యాదు మాత్రం ఎవరికీ రాసివ్వడం లేదు. అది నాతోనే ఉంటుంది. సోమవారం దాన్ని వెంటబెట్టుకుని నేనే నడిచి వెళ్తాను.

ఫిబ్రవరి పదమూడు, శనివారం.

(సంతకం) మేస్త్రీ పెద్ద కూతురు

సాక్షులు:

1. హాస్టల్ వంటమ్మ. "చచ్చినదానివి రెండు పూటలా మారు వడ్డించుకుంటావేమే!" అంటూ సంతకం చేసింది.

2. గదిలో అక్క. రాత్రి ఆమె దిండు కింద పెట్టిన ఈ కాగితం పొద్దునకల్లా సంతకంతో తిరిగొచ్చింది. సంతకం కింద ఆమె చేతిరాత: "సీసా నాకొద్దు, నువ్వే పట్టుకో. సోమవారం దారిలో ఇద్దరికీ దాహమేస్తుంది."